మూడు వేళ్ళ కన్ను

ఫిబ్రవరి 4

అత్తకి,

నువ్వూ, నీ మోకాళ్ళూ కులాసా అని తలుస్తాను. ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, పక్క గదిలోవాళ్ళు తలుపు తీసి ఏమైందని చూస్తారు. అందుకే ఉత్తరం.

ఒక సంగతి అడగాలి. ఇక్కడ నా పని నీకు తెలుసు కదా, మీ సరస్సులో పట్టిన చేపల్ని కొలవడం. మంచుపెట్టెలో వచ్చిన చారల చేపని పలక మీద పడుకోబెట్టి, ముక్కు నుంచి తోక దాకా కొలిచి రిజిస్టరులో రాస్తాను. నాకు ముందు ఇంకెవరో రాశారు, వాళ్ళకు ముందు మరొకరు. ముప్పై ఏళ్ళ రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి. మొదటిదాంట్లో చారల చేప సగటున ముప్పై ఒక్క సెంటీమీటర్లు. పోయిన నెలది ఇరవై ఆరు. ఆ ఐదు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయన్నదే నా నివేదిక.

నా లెక్క ఇది. వల పెద్ద చేపల్ని పట్టేస్తుంది. చిన్నవి వల కన్నులోంచి జారిపోయి బతుకుతాయి, అవే గుడ్లు పెడతాయి. వాటి పిల్లలకీ ఆ చిన్నతనమే వస్తుంది. తరం తరవాత తరం ఇలా జరిగితే జాతి మొత్తం కురచైపోతుంది. దీన్ని మేము ఎంపిక అంటాం. ఒక అధ్యాయానికి "మూడు వేళ్ళ వల ఎంపిక" అనే పేరు పెట్టాను. సరస్సు మీద పదకొండు పడవలకీ వలలు అల్లేది నువ్వే కాబట్టి, అది నీ వల గురించే.

దీనికంతటికీ ఆధారం ఒక్కటే. నీ వల కన్ను ఈ ముప్పై ఏళ్ళూ మారకుండా ఉండాలి. మారలేదని ఒక్క ముక్క రాస్తే చాలు. ఏప్రిల్ ఇరవైకి నివేదిక సరస్సు ఆఫీసుకి వెళ్ళాలి.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 13

ఒసే కోడలా,

మీనాలు లెక్కపెట్టే ఉద్యోగం సంపాదించావు. ఇక మేషాలు కూడా లెక్కపెట్టేస్తే మీ నాన్న పోలిక పూర్తిగా వచ్చినట్టే. ఆయన చొక్కా కొనాలన్నా మూడు నెలలు ఆలోచించేవాడు.

అది సరే, మన వల ఎంపికైందన్న మాట చదివి నా కళ్ళు నేనే నమ్మలేదు! పదకొండు పడవలకి అల్లీ అల్లీ నడుం వంగిపోయింది కానీ, బాగుందని ఒక్కడూ అన్న పాపాన పోలేదు. వెంటనే పడవల పెద్దని పిలిచి నీ ఉత్తరం చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని, "అవునమ్మోయ్, ఎంపిక అనే ఉంది" అన్నాడు. అక్కడికక్కడే ఇంకో ఐదు వలలు అల్లమన్నాడు. దారం కండెలు దించాం. నలుగురిలో నా తల ఎత్తావే పిల్లా.

కన్ను మారడమేమిటి? అది నాన్న చెక్కిన కొలబద్ద. మీ తాత తన మూడు వేళ్ళు చేవకర్ర మీద ఆనించి, ఆ వెడల్పుకే చెక్కాడు. దారం దాని చుట్టూ తిప్పి, అంచు మీద ముడి బిగిస్తే ఒక కన్ను. ఎన్ని వేల కళ్ళైనా ఒకటే కొలత. నా ఇరవయ్యో ఏట అది నా చేతికిచ్చినప్పుడు నా మూడు వేళ్ళు పెట్టి చూస్తే పక్కన మూడు అగ్గిపుల్లలు పట్టేంత సందు ఉండేది. "చెయ్యి కుదరాలి, కుదురుతుందిలే" అన్నాడు. యాభై దాటాక ఒకరోజు పెట్టి చూస్తే సందు లేదు. బద్దా, వేళ్ళూ అంచుకి అంచు. ఆ రోజు షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను, నాన్న చెయ్యి నాకొచ్చిందని. ఇప్పటికీ కొత్త వల మొదలుపెట్టే ముందు పెట్టి చూసుకుంటాను. సరిగ్గా సరిపోతుంది.

కాబట్టి రాసుకో: ఊరంతా ముడులమ్మ అని ఊరికే పిలవరు, ముడులమ్మ కన్ను తప్పదు. ఎంపికైనందుకు కాగితమేదైనా ఇస్తే పంపు, షెడ్డులో తగిలిస్తాను.

నీ అత్త


ఫిబ్రవరి 24

అత్తకి,

తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. నీ వలని ఎవరూ ఎంపిక చేయలేదు. నీ వలే చేపల్ని ఎంపిక చేస్తోంది. ఎవరు బతకాలో, ఎవరు పిల్లల్ని కనాలో తెలియకుండానే అది తేలుస్తోంది. కావాలని ఎవరూ కూర్చుని ఏరరు. ఏది చస్తుందో, ఏది మిగులుతుందో అన్నదాన్ని బట్టి జరిగిపోతుంది.

అన్ని ఎంపికలూ ఇలా ఒక పక్కకే తోయవు. గుడ్ల సంగతి చూడు. మరీ చిన్న గుడ్డులో పిల్లకి తిండి చాలదు. మరీ పెద్ద గుడ్లు పెట్టే తల్లి కాసినే పెట్టగలదు. రెండు కొసలూ రాలిపోయి నడిమి గుడ్డే నిలుస్తుంది. ఎన్ని తరాలు గడిచినా అంతే. చేప పొడుగు విషయంలో మాత్రం నీ వల అంతా చిన్నవైపుకే తోస్తోందని నా వాదన.

ఇంకో మాట దాచకూడదు. నివేదిక చివర నా సిఫార్సు, వచ్చే వేటకాలం నుంచి మూడు వేళ్ళ వల నిషేధించమని. నీ ఉత్తరంలోని మాట, కన్ను మారలేదన్నది, రెండో పేజీలో పెట్టాను. మా పెద్దసారుకి బాగా నచ్చింది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని నీకు తెలుసు. ఈ నివేదికని బట్టే ఖాయం చేస్తామన్నారు.

పడవల పెద్దకి నువ్వే నచ్చజెప్పు. ఆ ఐదు వలలు మొదలుపెట్టకు.

నీ మేనకోడలు


మార్చి 5

కోడలా,

రెండు వలలు మొదలుపెట్టేశాను. ఆపను.

నా మాట తీసుకెళ్ళి నా మెడకే ఉరి బిగించావు. "మారలేదు" అన్నానని నిషేధం! మారింది అంటే ఏం చేసేదానివో! పడవల పెద్దకి చెబితే నవ్వాడు. ఆ నవ్వు కన్నా తిట్టినా బాగుండేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా? నీకు ఉత్తరం రాయకపోయినా పోయేది.

సరే, నా బాధ పక్కన పెట్టు. నీ లెక్కే తప్పు. చేపపిల్లకి ఈత నేర్పినట్టు నాకు వల గురించి చెబుతున్నావు. పెద్ద చేపని పట్టేస్తుందని నీకెవరు చెప్పారు? అది ఈడ్చే వల కాదే, నీళ్ళలో గోడలా నిలబెట్టే వల. చేప వచ్చి కన్నులో తల దూర్చాలి, దారం మొప్పల దగ్గర పడాలి, వెనక్కి లాక్కోలేక చిక్కుకోవాలి. చిన్నది అటునుంచి అటే దాటిపోతుంది. పెద్దదానికి తలే దూరదు. ముక్కు గుద్దుకుని, "ఇదేం గోడరా" అనుకుని పక్కకి పోతుంది. చిక్కేది నడిమిదే. మూడు వేళ్ళ కన్నుకి మూడు వేళ్ళ మెడ.

నువ్వు చెప్పిన గుడ్ల మాట మాత్రం నాకు అర్థమైంది. ముడీ అంతే. మరీ బిగిస్తే దారం తెగుతుంది, వదులైతే జారిపోతుంది, నడిమి ముడే పదేళ్ళు నిలుస్తుంది. కానీ నా వల చేపలకి చేసేది దానికి సరిగ్గా తలకిందులు. నడిమిదాన్ని తీసేసి, కొసలు రెండూ వదిలేస్తుంది. దానికి మీ పుస్తకాల్లో పేరుందా, లేక నన్నే పెట్టమంటావా?

మోకాళ్ళు బాగాలేవు. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

అత్త


మార్చి 16

అత్తకి,

నువ్వు చెప్పిందే సరి. ఆరేళ్ళుగా చేపల్ని కొలుస్తున్నాను. వలలో అవి ఎలా చిక్కుతాయో ఒక్కసారైనా దగ్గరుండి చూడలేదు. ఈడ్చే వల గురించి చదివింది నీ వలకి అంటగట్టాను.

నువ్వు చెప్పినదానికి పేరుంది. నడిమివి పోయి రెండు కొసలూ మిగిలితే, కాలం గడిచేకొద్దీ ఒకే జాతిలో రెండు గుంపులు తయారవుతాయి. చిన్నగా ఉండి తొందరగా గుడ్లు పెట్టేవి ఒక గుంపు. తొందరగా పెరిగి ఆ ప్రమాదకరమైన కొలతని దాటిపోయేవి ఇంకో గుంపు. విడదీసే ఎంపిక అంటాం. పేరు పెట్టే శ్రమ నీకు లేదు.

కానీ దీంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. నా పలక మీదకి వచ్చే చేపలన్నీ నీ వలలో పడినవే. వల ఒకే కొలత మెడని పట్టేదైతే, సరస్సులో మిగతా చేపలు ఏమైపోయినా, నాకు ముప్పై ఏళ్ళూ ఇంచుమించు ఒకే పొడుగు చేప రావాలి. రాలేదు. ఐదు సెంటీమీటర్లు తగ్గింది. చేప తగ్గినంత మాత్రాన వలలో పడేది అంతగా తగ్గదు. వల కన్ను తగ్గితేనే అంత తగ్గుతుంది.

కోప్పడకు అత్తా. కన్ను నిజంగా మారలేదా?

మోకాళ్ళకి మందు రాసుకుంటున్నావా?

నీ మేనకోడలు


మార్చి 27

కోడలా,

నీ ఉత్తరం చూసి మొదట ఒళ్ళు మండింది. మూడు రోజులు జవాబు రాయలేదు. నాలుగో రోజు అటక మీంచి నాన్న అల్లిన ఆఖరి వల దింపించాను. అక్కడి కట్టెల మీద కప్పి ఉంచాం దాన్ని. నా కొత్త వల పక్కన పరిచాను. నాన్న కన్నులోంచి నా మూడు వేళ్ళు తేలిగ్గా దూరి బయటికొచ్చాయి. నా కన్నులో దూరలేదు, పట్టుకున్నాయి.

బద్ద అరిగిపోయిందే. ముడి బిగించిన ప్రతిసారీ దారం అంచుని ఒరుస్తుంది. ముప్పై నాలుగేళ్ళు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, కనబడలేదు. ఇవాళ్టిది నిన్నటితో పోల్చుకుంటే ఎప్పుడూ సరిగ్గానే ఉంది. మొదటి రోజుతో పోల్చుకోవాలని తోచలేదు.

పడవల పెద్దకి కూడా చెప్పాను. ఆయన వలలు వాడతాడు కాబట్టి ఆయనకి తెలియాలి. నీ నివేదికలో నా మాట కొట్టెయ్. కన్ను మారింది.

అత్త


ఏప్రిల్ 6

అత్తకి,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే పడవల పెద్ద ఇంకో ముగ్గుర్ని వెంటేసుకుని మా ఆఫీసుకి వచ్చాడు. చేతిలో అర్జీ. "చిన్నదైంది చేప కాదు, వల కన్ను. నిషేధం అక్కర్లేదు" అని రాసి ఉంది. మా పెద్దసారు అది చదివి, రెండో పేజీలో నీ మాట చూపించి, "ఫిబ్రవరిలో మారలేదన్న మనిషే మార్చిలో మారిందంటోంది. నిషేధం మాట విన్నాకే ఈమెకి జ్ఞాపకం వచ్చిందా?" అని నన్నడిగాడు.

నేనూ అడగాల్సి వస్తోంది. ఇది నువ్వు చూసి రాసిందా, వాళ్ళు రాయమంటే రాసిందా? నానిన పాత వలకి కన్ను సాగుతుంది. దాని పక్కన పెట్టి చూడడం రుజువు కాదు. నువ్వు అబద్ధమాడతావని అనడం లేదు. కానీ నీ మాట ఇప్పుడు నీ పనిని కాపాడుతోంది, నా పనిని తుడిచేస్తోంది. బయటివాళ్ళకి అది ఎలా కనబడుతుందో ఆలోచించు.

నివేదికకి పద్నాలుగు రోజులే ఉంది.

నీ మేనకోడలు


ఏప్రిల్ 11

ముంజేతి కంకణానికి అద్దమెందుకు? బద్దే పంపుతున్నాను. కొలుచుకో.

ఇది లేక పని ఆగిపోయింది. తొందరేమీ లేదు.


ఏప్రిల్ 22

అత్తా,

పొట్లం పదహారున అందింది. గుడ్డ విప్పి, చేపల్ని కొలిచే పలక మీదే పెట్టి కొలిచాను. తాడు కట్టుకునే చివర దారం ఎప్పుడూ తగల్లేదు. అక్కడ తాత ఉలి గీతలు ఇంకా కనబడుతున్నాయి. వెడల్పు యాభై రెండు మిల్లీమీటర్లు. మధ్యలో నలభై ఐదు. పెద్దసారుని పిలిచి ఆయన చేత కూడా కొలిపించాను. ఆయన మూడుసార్లు కొలిచాడు, మూడుసార్లూ అదే వచ్చింది.

తరవాత నా మూడు వేళ్ళు పెట్టి చూశాను. మధ్యలో అంచుకి అంచు సరిపోయాయి. చివర మూడు అగ్గిపుల్లల సందు మిగిలింది. నేను జన్మలో ఒక్క ముడి కూడా వేయలేదు.

కన్ను ఆ పాళ్ళలో తగ్గితే వలలో పడే చేప ముప్పై ఒకటి నుంచి ఇరవై ఆరూ ముప్పాతికకి తగ్గాలి. రిజిస్టరులో ఉన్నది ఇరవై ఆరు. అంటే ఐదు సెంటీమీటర్లలో నాలుగు పైచిలుకు బద్దది. మిగిలిన ముప్పాతికే చేపది కావచ్చు. చేప అసలు మారలేదని కాదు. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది, చెట్టు మానులోలా ఏడాదికో వలయం పడుతుంది. పాత చేపల చెవిరాళ్ళు కవర్లలో దాచి ఉన్నాయి. వాటినీ, ఇప్పటివాటినీ పోల్చాను. అప్పట్లో నాలుగో ఏట గుడ్లు పెట్టేది, ఇప్పుడు చాలావరకు మూడో ఏటే పెడుతోంది. ఏదో ఒక ఎంపిక జరుగుతోంది. అది ఒక పక్కకి తోసేదో, విడదీసేదో ఒకే కన్ను వలతో తేలదు. రకరకాల కళ్ళ వలలు వేసి ఇంకో ఏడాది చూడాలి. నివేదికలో అదే రాశాను. నిషేధం సిఫార్సు తీసేశాను. రెండో పేజీలో ఇలా ఉంది: "కొలబద్ద అరిగిందని దాన్ని వాడిన మనిషే కనిపెట్టి తెలియజేసింది."

ఉద్యోగం ఖాయం కాలేదు. ఇంకో ఏడాది చూస్తామన్నారు. దానికి నేను పెద్దగా బాధపడడం లేదు. నిన్ను అనుమానించినందుకు మాత్రం సిగ్గుగా ఉంది. ఆ ఉత్తరం రాసేటప్పుడు నువ్వెవరో మర్చిపోయి రాశాను. క్షమించు.

బద్ద రిజిస్టరు పోస్టులో తిరిగి పంపుతున్నాను.

నీ మేనకోడలు


మే 9

ఒసే కోడలా,

బద్ద అందింది. నీ ఉత్తరమూ అందింది. క్షమాపణలు ఎందుకులే. నువ్వు నమ్మేసి ఉంటే నేను బద్ద పంపేదాన్నే కాదు, ఆ కొలత ఎవరికీ తెలిసేది కాదు. అయినా ఆ ఉత్తరానికి రెండు రోజులు అన్నం సయించలేదు, అదీ చెబుతున్నాను. తెలియాలి నీకు.

ఐదులో నాలుగు నాది, ముప్పాతిక చేపది. తిలా పాపం తలా పిడికెడు. పడవల పెద్ద ఇప్పుడు అందరికీ, "మా ముడులమ్మే కనిపెట్టింది" అని చెప్పుకు తిరుగుతున్నాడు. ఎంపికైన కాగితం రాలేదు కానీ, సరస్సు ఆఫీసు నుంచి వేరే కాగితం వచ్చింది. వలలన్నీ మొదటి కొలతకి, యాభై రెండుకి, మార్చాలట. మీ కొలతలకని ఐదు రకాల కళ్ళతో ఐదు వలలు కూడా నన్నే అల్లమన్నారు. ఆపమన్న ఐదూ ఈ రూపంలో వచ్చిపడ్డాయి చూడు.

ఒక్కటి మాత్రం కష్టంగా ఉంది. నీ వేళ్ళు కూడా సరిపోయాయని రాశావు కదా, అది చదివి బద్ద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు షెడ్డులో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. నాన్న చెయ్యి నాకు రాలేదన్నమాట. బద్దే నా చేతికి సరిపడా అరిగింది. నాలుగేళ్ళు ఎంత గర్వంగా తిరిగానో! తరవాత తోచింది, నాన్నది నాకు రాకపోతే పోయింది, నాది నీకొచ్చింది కదా అని. ముడి వేయడం రాని చేతికి వచ్చింది, అదే నా ఖర్మ.

నాన్న బద్దని గోడకి తగిలించేశాను. లేతు మిషను పనివాడి దగ్గర యాభై రెండుకి ఉక్కుతో రెండు బద్దలు కోయించాను. ఒకటి నేను వాడతాను. రెండోది ఈ పొట్లంలో ఉంది, అది నీది. దాంతో ఏ పనీ చేయకు, కాగితాల మీద బరువు కూడా పెట్టకు. బీరువాలో పడుండనీ. ఉక్కైనా దారం తినకుండా ఉంటుందా? నాది అరుగుతుంది, నీది అరగదు. ఏడాదికోసారి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. నా మోకాళ్ళతో నేను రాలేను. నువ్వు వచ్చి ఆరేళ్ళయింది. నెల నెలా ఇంకో నెలేగా అనుకుంటూ నేనూ లెక్కపెట్టలేదు.

వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ వచ్చినా ఏమీ అనను. ఆ బద్ద మాత్రం మర్చిపోకు.

నీ అత్త